గుండిగకు నిండు వాటా

నేను ఒక వాటాదారును. ముందు ఈ సంగతి చెప్పుకోవాలని నా కోరిక, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసేవాళ్ళెవరికీ ఆ ఊహే రాదు. ఒక కల్యాణమంటపం గుమ్మంలో నన్ను నిలబెట్టి, కడుపునిండా నీళ్ళు పోసి, పైన బంతిపూల రేకులు చల్లారు. పెళ్ళికి వచ్చిన ఆడపిల్లలు నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతూ "అబ్బ, ఎంత పెద్ద గిన్నో!" అంటారు. గిన్నె కాదమ్మా, గుండిగ. ఇత్తడి గుండిగ. ఊరందరికీ సరిపడా పప్పు ఒక్క వాయిలో ఉడికించినదాన్ని. అంతకన్నా పెద్ద సంగతి, మనుషుల మధ్య కూర్చుని మనుషులతో పాటు డబ్బు పంచుకున్నదాన్ని.

పుట్టింది ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో. కంచరి సుత్తుల కింద చెవులు హోరెత్తిపోయేదాకా పడుకుంటే గానీ నాకీ ఆకారం రాలేదు. చివర్లో నా లోపలంతా తగరంతో కళాయి పూశారు. ఆ కళాయి ఉన్నన్నాళ్ళే మాకు మర్యాద. అది అరిగిందంటే పులుపు తగలగానే చిలుము పడుతుంది, వండినది నోట పెట్టుకోవడానికి పనికిరాదు. నన్ను కొన్నవాడు మండపేట దగ్గర ఒక పల్లెలో ఉండే వంటమేస్త్రి సత్తిరాజు. ఒక్కడే కొనలేదు. తన జట్టులోని మగవాళ్ళందరి చేతా తలా కొంచెం వేయించి కొన్నాడు. అందుకని వంటకు వచ్చిన డబ్బులో జట్టులోని మనిషికి ఎంతో గుండిగకూ అంతేనని తీర్మానించాడు. ఆ డబ్బుతో ఏటేటా నాకు కళాయి పూయించాలన్నది మాట.

ఆ జట్టులో వాటాల లెక్క చాలా తేలిక. సత్తిరాజు దాన్ని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ వేలు చూపించి మరీ చెప్పేవాడు.

"నిప్పు కాడ నిలబడ్డోడికి నిండు వాటా. కత్తిపీట కాడ కూకున్నోళ్ళకి అర వాటా. ఇందులో తనా పరా లేదు."

నిప్పు దగ్గర నిలబడేవాళ్ళంతా మగవాళ్ళే. కత్తిపీట దగ్గర ఆడవాళ్ళు. నేను నిప్పు మీదే కూర్చుంటాను కాబట్టి నా అర్హత గురించి ఎవరికీ అనుమానం లేదు.

మొదటి పెళ్ళి వంట అయ్యాక నేలలో తవ్విన గాడిపొయ్యి పక్కన తువ్వాలు పరిచారు. డబ్బు దాని మీద పోసి కుప్పలు పెట్టారు. ఒక కుప్ప తెచ్చి నా మూత మీద ఉంచేసరికి నాకు ఒళ్ళు పొంగిపోయింది. అంతలో పక్క కుప్ప చూసి అదిరిపడ్డాను. అది నూకరత్నానిది. తెల్లవారుజాము నుంచి వంగిన నడుము ఎత్తకుండా కూరలు తరిగి, పప్పు రుబ్బి, ఆఖర్న నన్ను కూడా చింతపండు పెట్టి తోమిన మనిషి. ఆమె కుప్ప నా కుప్పలో సగం ఉంది. నేను గిన్నెను, ఆమె మనిషి. ఎవరైనా తప్పు దిద్దుతారేమోనని చూశాను. ఎవరూ దిద్దలేదు. ఆమె కూడా ఏమీ అనకుండా కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మగవాళ్ళ పంపకంలో ఒక కళ ఉండేదని ఒప్పుకోవాలి. కేకలు, నవ్వులు, ఒకడి కుప్పలోంచి ఇంకొకడు లాక్కోవడం. అబ్బులు అనే గారెల మనిషి ఒకసారి తన వాటా మొత్తం పేకాటలో పోగొట్టుకుని వస్తే, మిగిలినవాళ్ళు తలా ఇంత అతని జేబులో కుక్కారు. ఎవరెంత ఇచ్చారో మర్నాటికి ఎవరికీ గుర్తులేదు. సత్తిరాజు సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఆయన చేతికి ఎముక లేదు. నూకరత్నం మొగుడు పోయినప్పుడు దినాల ఖర్చంతా తనే పెట్టుకున్నాడు. ఆ ఉదారత్వం మధ్య నా వాటా కూడా మగవాళ్ళ వెంట కల్లుపాకకు నడిచి వెళ్ళేది. పేరుకు నిండు వాటాదారును, లోపల కళాయి మాత్రం అరిగిపోతూనే ఉండేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక రైసుమిల్లు యజమాని ఇంట్లో పెళ్ళి వచ్చింది. అంత పెద్ద బేరం సత్తిరాజు ఎన్నడూ ఒప్పుకోలేదు. నూకరత్నం ఆ రోజు కోసం కాచుకుని ఉంది. కూతురు చంద్రకళకు నర్సింగు బడిలో సీటు వచ్చింది. ఫీజుకు మర్నాడే ఆఖరు గడువు. "ఈ పెళ్ళి డబ్బు చేతిలో పడితే గట్టెక్కినట్టే" అని వంకాయలు తరుగుతూ పక్కావిడతో అంటుంటే విన్నాను.

సత్తిరాజు, అబ్బులు కలిసి నన్ను పొయ్యి మీదికి ఎత్తుతుండగా మేస్త్రి నడుములో ఏదో కలుక్కుమంది. నన్ను ఎలాగో పొయ్యి మీద దించాడు గానీ తను మాత్రం లేవలేకపోయాడు. చాప వేసి పడుకోబెట్టారు. జట్టులో అందరి మొహాల్లోనూ రక్తం ఇంకిపోయింది. అబ్బులు చేతికి గారెలు, బూరెలు తప్ప మరొకటి రాదు. మిగిలినవాళ్ళు చెబితే చేసేవాళ్ళే. అవతల మగపెళ్ళివారు దిగుతున్నారని కబురు వచ్చింది.

నూకరత్నం కత్తిపీట మీంచి లేచింది. కొంగు బిగించి, నా లోపలికి తొంగి చూసి, కళాయి ఊడిన చోట వేలితో రాసి పెదవి విరిచింది. పులుపున్న వంటలన్నీ వేరే గిన్నెల్లోకి మార్చి నాకు పప్పు అప్పగించింది. తెడ్డు చేతపట్టింది. మేస్త్రి తెడ్డు నా అడుగున బరబరా గీసేది, ఆమెది అలా గీయలేదు. ఆ పూట ఏ గిన్నె ఎప్పుడు ఎక్కాలో, ఎప్పుడు దిగాలో అంతా ఆమె నోటి మాట మీదే జరిగింది. మగవాళ్ళు మారు మాట్లాడకుండా అందించారు.

భోజనాలయ్యాక మిల్లు యజమాని స్వయంగా వంటశాలలోకి వచ్చాడు.

"ఏవయ్యా సత్తిరాజూ, ఇవాళ ముక్కల పులుసు పెట్టిన చెయ్యి ఎవరిది? మా అమ్మ పోయాక మళ్ళీ ఇవాళే తిన్నాను."

చాప మీంచి సత్తిరాజు మెడ మాత్రం ఎత్తాడు. "మా జట్టు చెయ్యేనండి, ఆయ్."

యజమాని ఒప్పుకున్న డబ్బు కాక పైన ఇంకో కట్ట పెట్టి వెళ్ళాడు. తువ్వాలు పరిచారు. చాప మీద పడుకునే సత్తిరాజు చెబుతుంటే అబ్బులు కుప్పలు పెట్టాడు. నాకు నిండు వాటా పడింది. నూకరత్నానికి అర వాటా, దాని మీద విడిగా కొన్ని నోట్లు.

"ఇదిగో నూకరత్నం, పైన కూడా పెట్టించాను. సంతోషంగా అట్టుకెల్లు."

ఆమె కుప్ప వంక చూసింది గానీ చెయ్యి చాపలేదు. "మేస్త్రిగారూ, ఇయ్యాల నిప్పు కాడ నేను నిలబడ్డానండి."

"నిలబడ్డావు. కాదన్నానేటి? అందుకేగా పైన పెట్టింది!"

"పైన ఒద్దండి. నిండు వాటా ఎయ్యండి."

అబ్బులు నవ్వబోయి మేస్త్రి మొహం చూసి మానుకున్నాడు. సత్తిరాజుకు కోపం కన్నా మనసు నొచ్చుకోవడమే ఎక్కువైంది. "ఒక్కరోజుకి వాటా మారిపోద్దేటమ్మా? రేపు కత్తిపీట కాడోళ్ళంతా అడుగుతారు. సరే, నువ్వడిగావు కాబట్టి ముప్పావు ఏత్తాను. ఇంక మాటాడకు."

అబ్బులు ఆ కుప్పను ముప్పావు చేశాడు. ఫీజుకు చాలినంత, ఇంకా మిగిలేటంత డబ్బు. అమ్మయ్య అనుకున్నాను. నూకరత్నం రెండు చేతులతో ఆ డబ్బు ఎత్తుకుంది. నా దగ్గరికి వచ్చింది. మూత తీసి మొత్తం నా కడుపులో పోసేసింది.

"మనిషి కన్నా దీనికే ఎక్కువ ఏత్తన్నారుగా. ఇదీ దానికే ఉంచండి."

చేతులు దులుపుకుని, తన కత్తిపీట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నోట్లు నా అడుగున తడి పప్పుకు అంటుకుంటున్నాయి. డబ్బు కోసం కొట్టుకునేవాళ్ళను చూశాను, ఏడ్చేవాళ్ళను చూశాను. రేపటి అవసరం మెడ మీద కూర్చుని ఉండగా, సగానికి పైగా చేతికి వచ్చిన డబ్బును తక్కువైందని పారేసినవాళ్ళను నేను చూడలేదు. ఆమెకు మతిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సత్తిరాజు నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని ఎక్కడికో వెళ్ళాడు. తిరిగి వచ్చి పెరట్లో నాకు చేరగిలబడి కూర్చున్నాడు. అబ్బులు వచ్చి ఏమైందని అడిగాడు.

"నూకరత్నం ఇంటికెల్లానురా. నిండు వాటాకి రెండింతలు అట్టుకెల్లాను. పిల్ల ఫీజు కట్టుకోమ్మా అన్నాను. ఒద్దంది."

"రెండింతలు ఒద్దందా!"

"అది మీ దయండి, నేనడిగింది దయ కాదండి అంది. తలుపు కాడే నిలబెట్టేసింది."

అబ్బులు బుర్ర గోక్కున్నాడు. "అయితే వాటా అని చెప్పి అందులో సగమే ఇచ్చేయకపోయావా మేస్త్రీ? నీకూ డబ్బు మిగిలేది, ఆవిడా పుచ్చుకునేది."

"అదెలా కుదురుద్దిరా!" అని అరిచాడు సత్తిరాజు. నిజంగానే అరిచాడు, నడుము నొప్పి కూడా మరిచిపోయి.

ఈసారి నాకు పిచ్చెక్కినంత పనైంది. ఆయన రెండింతలు ఇస్తాడట, కానీ దాన్ని వాటా అనడట. ఆమె వాటా అయితే అందులో సగమే చాలంటుంది, కానుక అయితే రెండింతలూ వద్దంటుంది. ఇద్దరి మధ్యా ఉన్నది డబ్బు కాదని నాకు అప్పుడే తెలియవలసింది. ఇత్తడి బుర్ర, తెలియలేదు. చంద్రకళకు ఆ ఏడు సీటు పోయింది. ఆ పిల్ల ఇంట్లో రెండు రోజులు తలుపేసుకుని ఏడ్చిందని పెరటి గోడ మీదుగా విన్నాను. నాలో పోసిన డబ్బు కొన్నాళ్ళు అలాగే ఉంది. తరువాత అదీ కల్లుపాక దారి పట్టింది.

సత్తిరాజు నడుము మళ్ళీ తిన్నగా లేవలేదు. మేస్త్రి మంచాన పడ్డాక జట్టు ఎవరి దారి వాళ్ళు చూసుకుంది. ఒకరి మీద ఒకరికి కోపాల్లేవు, కలిసి ఉండాలన్న పట్టుదల కూడా లేదు. నన్ను పెరట్లో బోర్లించారు. పక్కకు ఒరిగిపోయిన నాలో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి.

ఒకరోజు నూకరత్నం వచ్చింది. తను సొంతంగా ఆడవాళ్ళ జట్టు కట్టుకుందట, గుండిగ కావాలట. సత్తిరాజు మొహం వికసించింది. "అట్టుకెల్లమ్మా. ఊరికే పడుంది. నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాటా తెప్పించింది. కోళ్ళను తోలి, రెట్ట కడిగించి, నన్ను తూకం వేయించి, పాత ఇత్తడి ధర కట్టి రూపాయి తగ్గకుండా ఆయన మంచం మీద పెట్టింది. అన్నేళ్ళు వాటాదారుగా బతికిన నన్ను పాత సామాను ధరకు తూచడం చూసి నా పరువు గంగలో కలిసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఆడవాళ్ళ మొదటి పంపకం రోజున తగిలింది. తరిగినవాళ్ళకూ, వండినవాళ్ళకూ, అంట్లు తోమినవాళ్ళకూ సమానంగా కుప్పలు పడ్డాయి. నూకరత్నం కుప్ప కూడా అంతే. ఇక నా కుప్ప ఎక్కడ పెడతారా అని చూస్తున్నాను. వీరవేణి అని ఆ జట్టులో నోరున్న మనిషి.

"గుండిగకి వాటా ఏటొదినా? దానికేటన్నా పిల్లలున్నారా, పెళ్ళాలున్నారా?"

అందరూ గొల్లున నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. నా వాటా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. కళాయికి ఎంతవుతుందో అంత తీసి ఒక డబ్బాలో వేసి, మిగిలింది పంచేసుకున్నారు. నేను అవమానంతో కుతకుతలాడిపోయాను. కానీ ఆ నెలలోనే కళాయివాడు వచ్చాడు. మళ్ళీ ఏడాదీ వచ్చాడు, ఆపై ఏడాదీ వచ్చాడు. నిండు వాటా పుచ్చుకున్న రోజుల్లో చిలుము పట్టిన మొహంతో తిరిగినదాన్ని, వాటా లేని రోజుల్లో వెండిలా మెరిశాను. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

ఆడవాళ్ళు దేవతలని నేననడం లేదు. జ్వరం వల్ల పనికి రాలేనివాళ్ళ కుప్పను కూడా తీసి ఇంటికి పంపేవాళ్ళు, నిజమే. కానీ ఎవరి జ్వరానికి ఎవరు వచ్చి పలకరించారో, ఎవరు పలకరించలేదో అందరికీ కంఠతా వచ్చు. వీరవేణి ఒకసారి ఒంట్లో బాగోలేదని చెప్పి చెల్లెలితో సినిమాకు వెళ్ళిందని తెలిసింది. ఆ రోజు ఆమె కుప్ప ఆమెకు రాలేదు సరిగదా, రెండు చలికాలాలు వెళ్ళాక కూడా "నీకు సినిమా జ్వరం కదా" అని దెప్పుతూనే ఉన్నారు. మగవాళ్ళయితే సాయంత్రానికి మరిచిపోయేవాళ్ళు. అబ్బులు జేబులో కుక్కిన నోట్లు గుర్తొచ్చి, ఆ మతిమరుపు మీద కూడా నాకు కాస్త బెంగ కలిగేది.

ఆ తరువాత గ్యాసు పొయ్యిలు వచ్చాయి, తేలికపాటి గిన్నెలు వచ్చాయి, నేను ఈ మంటపానికి చేరాను. అదంతా అందరి గుండిగలకూ జరిగేదే. నేను చెప్పవలసింది అంతకుముందు ఒక గృహప్రవేశం వంట దగ్గర జరిగింది.

మేము పొయ్యి తవ్వుతుండగా సత్తిరాజు కర్ర పట్టుకుని వచ్చాడు. పెళ్ళాం మందులకు కూడా కటకటగా ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరి వంకా చూడకుండా అన్నాడు, "కత్తిపీట కాడ కూకుంటాను. పనుంటే చెప్పు నూకరత్నం."

తెడ్లు, గరిటెలు ఆగిపోయాయి. వీరవేణి ఊరుకుంటుందా? "అర వాటాకైతే రమ్మనొదినా. ఆయన లెక్కేగా."

నూకరత్నం కత్తిపీట తెచ్చి నీడలో వేసింది. కంద దుంపల బుట్ట పక్కన పెట్టింది. ఒకప్పుడు జట్టంతటినీ వేలితో ఆడించిన మనిషి, మధ్యాహ్నం దాకా తల వంచుకుని కంద తరిగాడు. చేతులు దురద పెడుతుంటే చింతపండు రుద్దుకున్నాడు. నాకు భయం పట్టుకుంది. పంపకాల వేళ ఆమె ఏం చేస్తుంది? అర వాటా వేసి పగ తీర్చుకుంటుందా? ఆ ఒక్క మాట అనడానికే ఇన్నేళ్ళు కాచుకుని ఉందా?

కుప్పలు పెట్టారు. అన్నీ సమానం. సత్తిరాజు ముందు పడిన కుప్ప కూడా సమానమే. వీరవేణి ఏదో గొణిగింది గానీ నూకరత్నం చూపుకు ఆగిపోయింది.

సత్తిరాజు ఆ డబ్బు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో నోటూ లెక్కపెట్టి కుప్పను రెండు భాగాలు చేశాడు. ఒకటి తన వైపు ఉంచుకుని, రెండోది ముందుకు తోశాడు.

"తరిగినోడికి అరే. నేను పెట్టిన లెక్క నాకొక్కడికి మారకూడదు."

నూకరత్నం నెమ్మదిగా అడిగింది. "మీ లెక్క ప్రకారమే అడుగుతాను మేస్త్రిగారూ. మిల్లోరింటి పెళ్ళికి నిప్పు కాడ నిలబడింది ఎవరు?"

ఆయన కత్తిపీటను పక్కకు జరిపాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే పోవాలనుకున్న మనిషని చూస్తేనే తెలుస్తోంది. "నువ్వే" అన్నాడు. మళ్ళీ, ఈసారి అందరికీ వినబడేలా, "నువ్వేనమ్మా. నిండు వాటా నీది. నేను ఎయ్యలేదు."

తోసిన ఆ సగం డబ్బును ఇంకొంచెం ముందుకు జరిపాడు. "ఇది ఆనాటిది. వాటాయే. దయ కాదు."

వద్దంటుందనుకున్నాను. నూటికి నూరుపాళ్ళు వద్దంటుందనుకున్నాను. ముసలివాడు, మందులకు లేనివాడు, మాట ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి? జట్టులో ఆడవాళ్ళంతా కూడా అదే అనుకుంటున్నారని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

నూకరత్నం చెయ్యి చాపింది. ఆ డబ్బు తీసుకుంది. కొంగున ముడివేసి బొడ్లో దోపుకుంది.

వీరవేణి అంతటిది కూడా "అదేటొదినా!" అనేసింది. నూకరత్నం పట్టించుకోలేదు. సత్తిరాజు మాత్రం గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు. కర్ర ఊతంగా లేచి, వచ్చినప్పటికన్నా తిన్నగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం నన్ను తోముతున్నప్పుడు నూకరత్నం కళ్ళలోంచి నీళ్ళు నాలో పడ్డాయి, కానీ చెయ్యి ఆగలేదు.

తరువాతి వంటకు సత్తిరాజు పెందలాడే వచ్చాడు. ఆ రోజు తన కుప్పను రెండు చేయలేదు, మొత్తం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్ళబోతూ, గుమ్మం పక్కన దాచి ఉంచిన సంచిలోంచి ఒక పనసకాయ తీశాడు. మొహమాటంగా దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"పెరట్లో కాసింది. ఊరికే తెచ్చాను నూకరత్నం. నీకు తీసుకోవాలనిపిత్తేనే."

రెండింతల డబ్బు తలుపు దగ్గర ఆపేసిన మనిషి, ఉచితంగా ఇచ్చిన గుండిగను తూకం వేయించిన మనిషి ఆమె. మిల్లువారి పెళ్ళి తరువాత సత్తిరాజు చేతి మీంచి ఊరికే వచ్చినదేదీ ఆమె ముట్టగా నేను చూడలేదు.

నూకరత్నం చేతులు తుడుచుకుని వచ్చి పనసకాయ అందుకుంది. బరువు చూసి నవ్వింది.

"మా చంద్రకళకి పనస తొనలంటే ప్రాణమండి" అంది. "ఆదివారం ఆసుపత్రిలో డ్యూటీ లేదంట, ఇంటికొత్తాది. మీరూ రండి మేస్త్రిగారూ, మీ ఇంటావిణ్ణి కూడా తీసుకుని."